చల్లారేదాకా

మెడ దగ్గరి కింది పొర అయిపోయింది. ఒంపులక్క పై పొరలో నాలుగు వేళ్ళంత పాయ విడదీసి, మిగతా జుట్టుని నడినెత్తిన క్లిప్పు పెట్టి ఎగ్గట్టింది. పిడి జారకుండా గుడ్డ చుట్టుకున్న తన గుండ్రటి బ్రష్షుని పాయ అడుగున పెట్టి, కొసల దాకా లాగి, లోపలికి చుట్టింది. డ్రయ్యర్ గాలి పైనుంచి కిందికే కొట్టాలి. ఆ తర్వాత డ్రయ్యర్ ఆపి, బ్రష్షుని జుట్టులోనే ఉంచి ఆగాలి. వేడిమీద లాగేస్తే కొసలు తలో దిక్కూ చూస్తాయి. పార్లర్‌లో మిగతా అమ్మాయిలకి వచ్చే చిక్కల్లా ఇక్కడే. ఆగడం వాళ్ళ వల్ల కాదు.

ఆమెకి ఆ పేరు పెట్టింది వాళ్ళే. మనిషి చూస్తే నిట్రాట. ఒంట్లో లేని ఒంపులన్నీ చేతుల్లో ఉన్నాయని వెక్కిరింపు. ఆమె కూడా నవ్వేది.

కిందటి చలికాలం బొటనవేలు మొద్దుబారింది. తర్వాత దాని పక్క వేలు, ఆ తర్వాత రెండో చెయ్యి. అన్నేళ్ళూ జుట్టు చల్లారిందో లేదో వేలికొనతో ముట్టుకుని చెప్పిన మనిషికి ఇప్పుడు నిప్పయినా నీళ్ళయినా ఒకటే. విశ్రాంతి ఇస్తే స్పర్శ రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు డాక్టరు. ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు. చుట్టిన పాయకి వంగి చెంప ఆనించి చూడడం మొదలుపెట్టింది. కస్టమర్లు అది ముద్దనుకున్నారు. ఒకావిడ మురిసిపోయింది కూడా. చెంప మీద కాలిన మచ్చలు కనబడకుండా తన జుట్టులోనే ముందు పాయ కత్తిరించి, కొస లోపలికి తిప్పుకుని దవడ మీదికి వేసుకుంది.

చెప్పేస్తే కుర్చీ పోతుంది. కుర్చీ పోతే పగలంతా తమ్ముడింట్లో ఉండాలి. రాత్రి పడుకోవడానికైతే ఆ ఇల్లు సరిపోతుంది. ఆమె ఇంట్లో ఉన్న సెలవు రోజున మాత్రం మరదలు గిన్నెలు కడిగే చప్పుడే వేరు. అక్కడ ఆమె వట్టి "ఆవిడ". ఇక్కడ, అద్దం ముందు, ఎంత పెద్ద మనిషయినా ఆమె తల వంచమంటే వంచాల్సిందే. ఈ కుర్చీ పోతే తను ఇక ఎవరికీ ఏమీ కాదు. ఆ భయంతో ఆమెకి తిండి సహించడం లేదు.

ఇప్పుడు కుర్చీలో ఉన్నది టీచరమ్మ. ఏళ్ళ తరబడి ఆమె దగ్గరికే వస్తోంది. ఉద్యోగానికి ఇవాళ ఆఖరి రోజు, సాయంత్రం బడిలో వీడ్కోలు సభ.

"కొసలు బాగా లోపలికి రావాలమ్మా. పిల్లలు ఫొటోలు తీస్తారు," అంది టీచరమ్మ.

"మీ తల నాకొదిలేసి హాయిగా కూర్చోండి."

చెవి దగ్గరి పాయ చుట్టి డ్రయ్యర్ పెట్టింది. కాసేపటికి టీచరమ్మ ముక్కు ఎగబీల్చింది.

"ఏదో కమురు వాసనొస్తోంది. నా జుట్టేనా?"

జుట్టు కాదు. డ్రయ్యర్ మూతికి ఒంపులక్క చూపుడువేలు ఆనుకుని ఉంది. చర్మం తెల్లగా పొంగింది. ఆమె దాన్ని ఇంకెవరిదో వేలన్నట్టు చూసింది. పార్లర్ నడిపే మేడమ్ కూడా చూసింది. మేడమ్ వయసులో చిన్నది, ఒకప్పుడు పని నేర్చుకుంది ఒంపులక్క దగ్గరే. వచ్చి, ఒంపులక్క దవడ మీది పాయ పక్కకి తొలగించి చెంప చూసింది.

"ఎన్నాళ్ళనుంచి అక్కా?"

ఒంపులక్క పాయని మళ్ళీ దవడ మీదికి లాక్కుంది.

"నీ వేలు కాబట్టి సరిపోయింది. టీచరమ్మగారి చెవి అయ్యుంటే?" మేడమ్ గొంతు తగ్గించింది. "ఇక చాలక్కా. రేపట్నుంచి ఇంటి దగ్గరుండు."

"ఊడుస్తాను. తువ్వాళ్ళు ఉతుకుతాను. ఏదన్నా చేస్తాను. ఇంటికి మాత్రం పంపకు తల్లీ." అందరూ వింటున్నారని తెలిసే అంది.

"మరిగే నీళ్ళలో చెయ్యి పెట్టినా నీకు తెలీదు. ఏం ఉతుకుతావ్?" మేడమ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా మాట మార్చలేదు.

"పోనీ, ఈ తల పూర్తి చెయ్యనీ."

మేడమ్ టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మ అద్దంలోంచి సరేనన్నట్టు తలూపింది.

మిగతా పాయలన్నీ చేసింది. దాచాల్సిందేమీ లేదు కాబట్టి ప్రతిదానికీ తీరిగ్గా చెంప ఆనించింది. చివరికి నుదుటి పక్క పాయ చుట్టి, డ్రయ్యర్ ఆపి, తీగ మడిచి పెట్టింది.

"ఇది చల్లారేదాకా కదలకండి టీచరమ్మగారూ. తొందరపడొద్దు."

సంచీ తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా బయటికొచ్చింది. రోడ్డు దాటి అవతలివైపు నిలబడింది. ఎండ ఇంకా కాస్తోంది. పని ఉన్న రోజున ఇంత పొద్దుండగా ఆమె ఎప్పుడూ ఇల్లు చేరలేదు.

గాజు తలుపులోంచి అంతా కనబడుతోంది. టీచరమ్మ బొమ్మలా కూర్చుంది. పాయలో బ్రష్షు వేలాడుతోంది. మేడమ్ వచ్చి అటూ ఇటూ చూసింది, ఎవరినో పిలిచింది. తర్వాత మెల్లిగా వంగి, ఆ పాయకి తన చెంప ఆనించింది. కాసేపు అలాగే ఉండి బ్రష్షు విప్పింది. కొస చక్కగా లోపలికి తిరిగింది.

మేడమ్ బ్రష్షుని అద్దం ముందు బల్ల మీద పెట్టింది. పిడికి చుట్టిన గుడ్డ మీద, ఇన్నేళ్ళుగా ఒంపులక్క బొటనవేలు ఆనీ ఆనీ పడిన గుంట అలాగే ఉంది.