పేర్చిన రాళ్ళ వెంట

...ఆ సంచి మా బట్టల షాపుదే, ఎర్రక్షరాలు సగం చెరిగిపోయినా నాకు తెలియకుండా పోతుందా, మా ఆయనే కర్నూలు పోయి ప్రింటు వేయించుకొచ్చాడు, ఇన్ని ఎందుకయ్యా అంటే అవేమన్నా టమాటాలా కుళ్ళిపోయేదానికి అన్నాడు, నిజమే, సంచి చెక్కుచెదరలేదు, మనిషి పోయి వచ్చే నెలకు ఏడాది, సంచి మాత్రం నాగలూటి దాటి నల్లమలలో నా ముందర ఊగుతూ పోతోంది, ఓ ముసలామె భుజాన, పేరు రామలక్ష్మమ్మంట, వెలుగోడంట, ఉగాదికి శ్రీశైలం నడిచిపోతోందంట, ఏం మొక్కుకున్యావమ్మా అని అడిగింది, ఏమీ మొక్కుకోలేదవ్వా అన్నాను, మరి ఈ ఎండలో ఎందుకొస్తాండావు అంది, మా ఆయన పోయిన ఎండాకాలం ఈ అడవిలో చచ్చిపోయాడు, ఆ చోటు చూడ్డానికి అన్నాను, ఆమె నా చెయ్యి పట్టుకుంది, నాకేమో విదిలించుకోవాలనిపించింది, ఏడాదిగా ఆత్మకూరంతా పట్టుకున్న చెయ్యి ఇది, పట్టుకుని, మెల్లగా దగ్గరికి లాక్కుని, ఇంట్లో ఏమన్నా గొడవైందా రమ్యశ్రీ అని అడగడానికి పట్టుకున్న చెయ్యి.

గొడవేం లేదు, ఉల్లిగడ్డలు తెమ్మన్నాను, అంతే, పొద్దుగూకేలోపల వచ్చేస్తా రమ్యా అని బైకు తీసుకుని పోయాడు, బైకు అడవి అంచున వెంకటాపురంలో ఓ కానుగచెట్టు కింద దొరికింది, మనిషి దొరికేసరికి వారం పైనే అయింది, అదీ శ్రీశైలం నడకదారి వదిలి మైలు దూరాన, అడవి లోపల, దారి తప్పినోడు దారి చుట్టుపక్కలే తిరుగుతాడమ్మా, మీ ఆయన తిన్నగా లోపలికే నడిచినాడు, కావాలనే పోయినట్టుండాది అని చెప్పారు వెతకడానికి వెళ్ళిన పోలీసులు, ఊరికి ఆ ఒక్క మాట చాలింది, ముందునుంచే ఆయన్ను అడివిశెట్టి అని పిలిచేవాళ్ళు, అడివిశెట్టి పెళ్ళాన్ని వదిలేసి అడవిని చేసుకున్నాడని నవ్వుకున్నారు, మా అత్త రాజ్యలక్ష్మమ్మ నవ్వలేదు, నువ్వేమన్నా అన్యావా వాణ్ని అని ఒక్కసారి అడిగి ఆపైన నాతో మాటలే మానేసింది, నా కూతురు హర్షిణి అదీ అడగలేదు, నాన్న మనల్ని వదిలేసి పోయినాడా అమ్మా అని అడుగుతుందేమోనని నేను భయపడుతూనే ఉన్నాను, అడగదు, నా మొహంలోకి చూసి హోంవర్కు తీస్తుంది, నాకు కావలసింది అదొక్కటే, వదిలేసి పోయాడా, లేదా, తెలిస్తే ఏడవాలో తిట్టాలో తేల్చుకుంటాను, ఇప్పటిదాకా తిడుతూనే ఉన్నాను.

తిట్టనా మరి, ఆ పుస్తకాలను తిట్టనా, క్యాషు దగ్గర కూర్చుని చీరలు మడతపెట్టే చేత్తోనే పేజీలు తిప్పేవాడు, అట్ట మీద అడవి బొమ్మ ఉంటే చాలు గ్రంథాలయంలోంచి అది మా ఇంటికొచ్చేది, మంచు దేశాల్లో ఒంటరిగా బతికినవాళ్ళు, వేర్లు తవ్వుకుని తిన్నవాళ్ళు, ఆకుల మీది తడి నాకి దాహం తీర్చుకున్నవాళ్ళు, గిరాకీ నలభై సైజు చొక్కా అడిగితే ముప్పయ్యెనిమిది తీసిచ్చేవాడు, ఊర్లో ఉంటే ఊపిరాడదు రమ్యా, అడివిలో నేను ఇంకో మనిషిని అనేవాడు, ఉన్న మనిషితోనే వేగలేకపోతున్నా ఇంకో మనిషెందుకు తేజేశ్వర్ సారూ అన్నాను, నవ్వాడు, ఆయనకు కోపం రాదు, అదే నాకు కోపం, ఆ పుస్తకాల్లో తప్పిపోయినవాడికి పెళ్ళాం ఉండదేం అని అడిగితే ఎందుకుండదు, ఆఖరి పేజీలో ఉంటాది అన్నాడు, మరి ఆ ముందు పేజీల్లో ఆమె ఏం చేస్తోందో ఒక్కడైనా రాశాడా, షాపు తీసేదెవరు, పిల్లకు జ్వరమొస్తే ఆటో మాట్లాడేదెవరు, అవి రాయరు, రాస్తే చదివేదెవరు.

అక్కా, ఈడ్నుంచి లోపలికి పోవాల అని ఓబుళేశు ఆగాడు, ఫారెస్టు వాచరు, ఆయన శవాన్ని మొదట చూసింది ఇతనే, మామూలు రోజుల్లో నిన్ను రానియ్యరక్కా, ఉగాదికి జనం నడిచేటప్పుడే రావాల అని చెప్పి రప్పించాడు, నేనూ వస్తా, నాకూ లోపల పనుండాది అని రామలక్ష్మమ్మ వెంటబడింది, ఏం పని అవ్వా అని అడిగే ఓపిక నాకు లేదు, దారి వదిలాక కాసేపు జనం శివనామాలు వినిపించాయి, తర్వాత అవీ లేవు, ఎండుటాకుల చప్పుడు, వెదురు కిర్రుమనడం, ఎక్కడో ఒక పిట్ట, ఒళ్ళు ఒక్కసారిగా తేలికైంది, ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగరు, ఇక్కడ నేను ఎవరి పెళ్ళాన్నీ కాదు, ఇట్లాగే నడిచి పోతే, అనుకున్నాను, అనుకుని ఉలిక్కిపడ్డాను, ఇందుకా నువ్వు వచ్చావయ్యా, నిన్ను పట్టింది ఇదేనా, అయితే వాళ్ళన్నదే నిజం, కావాలనే పోయావు, నాకే ఒక్క నిమిషంలో ఇట్లా ఉంటే ఇన్నేళ్ళు కలలు కన్నవాడివి వెనక్కెందుకు వస్తావు.

బిస్కెట్టు కాగితం ఈడ దొరికిందక్కా అన్నాడు ఓబుళేశు, చూస్తే పక్కనే ఐదారు రాళ్ళు ఒకదాని మీద ఒకటి, మోకాలెత్తు కుప్ప, అక్కడ నిలబడితే ముందర ఇంకోటి కనిపించింది, సీసా ఆడ దొరికింది అన్నాడు, మూడోదాని దగ్గర చెప్పులు, తెగిపోయి ఉండ్యాయి అన్నాడు, ఒక్కోటీ విసిరేసుకుంటూ సన్యాసిలాగా పోయాడని ఊర్లో చెప్పుకున్నవి ఇవే, కానీ ఈ రాళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదే, రాళ్ళు, ఆదివారం, ఇడ్లీలు, పళ్ళెంలో ఇడ్లీ మీద ఇడ్లీ పేర్చి హర్షిణికి చూపించాడు, అడివిలో తప్పిపోతే ఇట్లా పేర్చిన రాళ్ళ కోసం చూడాల పాపా, రాయి తనంతట తాను రాయి మీదికెక్కదు, మనిషి పెట్టిందే, ఒకదాని కాడ నిలబడితే ఇంకోటి కనిపిస్తాది, అట్లే పట్టుకుని పోతే ఊరు వస్తాది అన్నాడు, చల్లారిపోతాయి తినండి అన్నాను నేను.

ఓబుళేశన్నా, ఇవి దారి గుర్తులా అని అడిగాను, దారి యాడుండాదక్కా ఇట్లపక్క, జనం మొక్కుకుని పేర్చినవి అన్నాడు, నాలుగు అడుగులు వేసేసరికి చెట్లు అయిపోయి బోడి బండ, దాన్నిండా కుప్పలే కుప్పలు, వాటి అవతల లోయ, ఇంకేమీ లేదు, రామలక్ష్మమ్మ మా షాపు సంచి కిందపెట్టి చదునైన రాయి కోసం వెతుకుతోంది, ఏందవ్వా ఇది అంటే ఇల్లు కట్టుకోవాలని మొక్కుకుని పేరుస్తామమ్మా అంది, మేమెప్పుడూ బస్సులో శ్రీశైలం పోయినవాళ్ళం, ఆయనైతే తీర్థం జనంతో కలిసి ఒక్కసారీ నడవలేదు, జనంతో పోతే తలకాయలే తప్ప అడివి యాడ కనిపిస్తాది అనేవాడు, దారి పక్కనే పేర్చుకోవచ్చు కదవ్వా, ఇంత లోపలికెందుకు అన్నాను, ఆమె నన్నొక తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసి, ఆడ పేరిస్తే ఎవురి కాలో తగిలి పడిపోతాది, పడితే మొక్కు పడిపోయినట్టే, ఎవురూ రాని చోటు చూసుకుని పేర్చాల అంది.

ఎవరూ రాని చోటు, ఆయన ఆనుకుని కూర్చున్న కుప్ప ఓబుళేశు చూపిస్తున్నాడు, మొగం అట్లపక్కకు పెట్టి ఉండ్యాడక్కా అంటున్నాడు, అటుపక్క ఇంకో కుప్ప ఉంది, దారి పక్కవన్నీ జనం కాళ్ళకు పడిపోయి ఉంటాయి, ఎండాకాలానికి నిలబడినవి ఇవే, ఆయన తప్పిపోయాడు, ఏ పిట్టనో చూస్తూ తప్పిపోయాడు, ఒక కుప్ప కనిపించగానే బతికాననుకుని ఉంటాడు, నీళ్ళు అయిపోయాక కూడా ఇంకొక్కటి, ఇంకొక్కటి అని లేచి ఉంటాడు, చెప్పులు తెగితే ఉత్తకాళ్ళతో ఈ కాలే బండ మీద, ఒక్కో కుప్పా ఆయన్ను మనుషులకు ఇంకొంచెం దూరం చేసింది, ఆయన మాత్రం దగ్గరవుతున్నాననే నడిచాడు, వదిలేసి పోయి ఉంటే బాగుండేది, తిట్టుకుంటూ బతికేసేదాన్ని, ఇప్పుడు తిట్టడానికి కూడా ఏమీ మిగల్చలేదు, రామలక్ష్మమ్మ మళ్ళీ నా చెయ్యి పట్టుకుంది, నేను విదిలించుకోలేదు, సాయంత్రం హర్షిణిని పక్కన కూర్చోబెట్టుకుని, అది అడక్కపోయినా సరే, చెప్పాలి, మీ నాన్న అడవిలోకి పోవడం లేదమ్మా, ఇంటికి వస్తున్నాడు.