కెప్టెన్ వార్నో ఇప్పటి గొంతు

కెప్టెన్ వార్నో సినిమాల్లో ఈ నాలుగో భాగం తీయకుండా ఉండాల్సింది. ఈ విషయంలో లోరెడానాకు సందేహమే లేదు. అయినా దాన్ని ఇటాలియన్‌లోకి డబ్బింగ్ చేయించే పని రోమ్‌లో ఇంకెవరికైనా అప్పగించి ఉంటే, వాళ్ల మీద పళ్లు నూరేది.

"ఇన్నేళ్లకి మళ్లీ భుజాన తాడేసుకుని బయల్దేరాడు మీవాడు," అన్నాడు సౌండ్ ఇంజనీర్ నజ్జరేనో. "నిధి దొరికేలోపు మోకాళ్ల డాక్టరు దొరికితే బాగుణ్ణు."

"నువ్వు మైకు సంగతి చూడు."

అతని మాటలో తప్పేం లేదు. మూడు ముక్కలైన మ్యాపు మూడు దేశాల్లో ఉండటమేమిటో, చచ్చిన విలన్‌కు ఎడారిలో తమ్ముడు పుట్టుకురావటమేమిటో. కానీ తెర మీద కెప్టెన్ వార్నో కనబడగానే ఆమెకు ఒళ్లు పులకరించింది. అదీ నిజమే.

చిన్నప్పుడు ఆమె మనసు పారేసుకున్నది ఆ ముఖం మీద కాదు, గొంతు మీద. ముఖం ఎవరో విదేశీ నటుడిది. గొంతు, ఇటాలియన్‌లో డబ్బింగ్ చెప్పిన ఎత్తోరెది. ఆ గొంతు వినే ఆమె ఈ వృత్తిలోకి వచ్చింది.

ఇప్పుడు ఎత్తోరె వయసు డెబ్బై దాటింది. పంపిణీ సంస్థ తరఫున వచ్చిన కొర్రాదో ఉదయమే తేల్చి చెప్పాడు. భోజనాల వేళలోపు ముసలాయన ఆ పాత గొంతు పలికించాలి. లేదంటే మిర్కో అనే కుర్రాడు సిద్ధంగా ఉన్నాడు. పాత ఎత్తోరెను అచ్చుగుద్దినట్టు దించుతాడు.

ఎత్తోరె వచ్చాడు, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఆ టై ఎవరిది?"

"నాదేనండి. ఏం?" అన్నాడు కొర్రాదో.

"ఊదారంగు. అది ఉండగా నేను లోపలికి రాను."

కొర్రాదో నవ్వుతూ లోరెడానా వైపు చూశాడు. ఆమె నవ్వలేదు. "నాటకాల వాళ్లకి ఆ రంగు అచ్చిరాదు. తీసెయ్యండి," అంది.

కొర్రాదో టై విప్పి జేబులో పెట్టుకున్నాడు.

"జేబులో కాదు బాబూ, బయట," అన్నాడు నజ్జరేనో.

దీపాలు ఆరాయి. ఎత్తోరె ముందు స్టాండు మీద చిన్న లైటు మాత్రం వెలుగుతోంది. తెర మీద లోయ, లోయ మీద సగం తెగిన వంతెన. మొదటి భాగంలో ఇలాంటి చోటే వార్నో ఒక్క దూకు దూకాడు. ఇప్పుడు అంచుదాకా వచ్చి, కిందికి చూసి, వెనక్కి తిరిగి అంటాడు: "ఈసారి చుట్టూ తిరిగి పోదాం."

ఎత్తోరె పలికాడు. గది దద్దరిల్లింది. ఆ గాంభీర్యం, ఆ కొంటెతనం, అన్నీ ఉన్నాయి.

కంట్రోల్ గది అద్దం వెనక కొర్రాదో తొడ చరిచాడు. "ఇదీ గొంతంటే. ఇంక మిర్కోతో పనేముంది?"

లోరెడానా చిన్ననాడు విన్న గొంతు ఆమె దోసిట్లోకి వచ్చి పడింది. ఓకే అంటే చాలు, ఎత్తోరెకు పాత్ర దక్కుతుంది. ఆమె తెర వంక చూసింది. ముడతలు పడ్డ ఆ మొహం వెనక ఎవరో పడుచువాడు నక్కి మాట్లాడుతున్నట్టుంది. సినిమా మొత్తానికీ నిజాయితీగా ఉన్నది ఈ ఒక్క సీనే. అదీ అబద్ధమైపోతోంది.

ఆమె మైకు బటన్ నొక్కింది. "మాస్టారూ, మీరు ఎత్తోరెను అనుకరిస్తున్నారు."

"ఏమన్నావు?"

"మిర్కో చేసే పనే మీరూ చేస్తున్నారు. వాడే కాస్త నయంగా చేస్తాడు."

నజ్జరేనో కుర్చీలో సర్దుకున్నాడు. ఎత్తోరె హెడ్‌ఫోన్లు తీసి స్టాండు మీద పడేశాడు.

"నా ఇప్పటి గొంతు ఎవడిక్కావాలే? ఫోన్ చేస్తే మా మనవరాలే ఎవరూ అని అడుగుతోంది."

"ఆయనక్కావాలి." లోరెడానా తెర వైపు చెయ్యి చూపించింది. "పాపం, ఆయన దూకలేక నిలబడ్డాడు. మీరేమో ఆయన బదులు దూకేస్తున్నారు. హెడ్‌ఫోన్లు పెట్టుకోకండి. ఆ కళ్లు చూసి చెప్పండి."

బొమ్మ మళ్లీ మొదలైంది. ఎత్తోరె తెర మీది కళ్లలోకే చూశాడు. వార్నో పెదవులు కదిలే క్షణానికి మాట అందుకున్నాడు. గొంతు కాస్త బొంగురుగా, చివర్లో సన్నగా పగిలి వచ్చింది. ఒప్పుకోవటానికి సిగ్గుపడి, ఆ సిగ్గును తనే వెక్కిరించుకున్నట్టుంది.

"ముసలాడిలా ఉంది," అన్నాడు కొర్రాదో.

"బొమ్మలో ఉన్నది ముసలాడే."

"జనం పాత వార్నో కోసం వస్తారు మేడమ్."

"ఆ జనంలో నేనూ ఉన్నాను. మిమ్మల్ని మించి ఏడ్చాను వాడి కోసం. కుర్రగొంతే కావాలంటే మిర్కోని పిలిపించుకోండి, దర్శకత్వానికి కూడా ఇంకెవర్నైనా చూసుకోండి."

కొర్రాదో నజ్జరేనో వైపు తిరిగాడు. "రెండూ వరసగా వెయ్యి."

నజ్జరేనో వేశాడు. మొదటిదానికి కొర్రాదో తలూపాడు. రెండోదానికి తలూపటం మరిచిపోయాడు. తెర మీద వార్నో చుట్టుదారి పట్టి కనుమరుగయ్యేదాకా చూస్తూ ఉండిపోయాడు.

"పైవాళ్లకి నేను చెప్పుకుంటాలెండి," అన్నాడు చివరికి. "పోస్టరు మీద మాత్రం ఎత్తోరె గారి పేరు పెద్దగా వేయిస్తాను."

ఎత్తోరె మంచినీళ్లు తాగి తర్వాతి కాగితం తీశాడు. చదివి మొహం చిట్లించాడు. "విలన్ తమ్ముడితో ఈ సొద ఎవడు రాశాడే తల్లీ?"

"ఎవడో రాశాడు. ఘోరంగా ఉంది."

"మార్చొచ్చా?"

"కుదరదు. పెదాలు అలాగే కదులుతాయి." లోరెడానా కుర్చీ ముందుకు జరుపుకుంది. "నమ్మినట్టు చెప్పండి మాస్టారూ. మిగతాది నేను చూసుకుంటాను."