పోస్టు బాక్సు పదిహేడు

"పట్టుకోండప్పా! గోడ దూకుతాడు దొంగ నా కొడుకు!"

దావీదు ఏ గోడా దూకడం లేదు. యెమ్మిగనూరు పోస్టాఫీసు గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. అతని ఖాకీ చొక్కా కాలరు హమాలీ భీమన్న పిడికిట్లో ఉంది. ఇద్దరి కాళ్ల దగ్గర చినిగిన అట్టపెట్టె, అందులోంచి బయటపడిన వేరుశనగ చెక్క.

భీమన్న ఆర్డరు చేసింది ట్రాన్సిస్టరు. 'ఢిల్లీ రేడియో, సగం ధరకే, వి.పి.పి.లో ఇంటికే, పార్శిలు వచ్చినప్పుడే డబ్బు. రాయండి: పోస్టు బాక్సు 17, ఆదోని' అని ఊరంతా రంగు కరపత్రాలు పంచారు. పోస్ట్‌మ్యాన్ దావీదు చేతికి డబ్బిచ్చి పార్శిలు విప్పితే, గొడ్లకు పెట్టే చెక్క వచ్చింది. అలా మోసపోయినవాడు భీమన్న ఒక్కడే కాదు.

"ఢిల్లీలో యాడిదప్పా శెనక్కాయ చెక్క?" గుంపులోంచి అరిచాడు రేడియో షాపు బసవన్న. "ఈడికొచ్చినాంకనే మార్సినారు. పార్సెలు మోసేటోడు గాక ఇంకెవురు? నా అంగట్లో కొనింటే ఈ కర్మ ఉంటుండెనా మీకు?"

"స్టేషనుకు ఈడ్సండి!" అన్నాడు ఇంకెవరో.

అప్పుడు వచ్చింది మేరి, దావీదు భార్య. మగ్గాలకు కండెలు చుడుతున్నది చుడుతున్నట్టే వదిలేసి పరుగెత్తి వచ్చింది. గుంపును మోచేతులతో చీల్చుకుంటూ మొగుడి ముందుకొచ్చి నిలబడింది.

"నా మొగుడు మార్సింటే మా ఇంట్లో రేడియోలు మోగాల గదన్నా! పోయి ఎతుక్కోపో. ఉండేది ఒక కోడి, అదే మాకు రేడియో."

ఎవరో కిసుక్కున నవ్వారు. భీమన్న పిడికిలి మాత్రం వదల్లేదు.

సబ్ పోస్ట్‌మాస్టరు హనుమంతరావు మెట్ల మీదికి వచ్చాడు. "చూడమ్మా, సోమవారం ఇన్‌స్పెక్టరు గారొస్తారు. ఆలోపు ఏమీ తేలకపోతే ఇతన్ని సస్పెండు చేస్తారు. పోలీసు కేసు కూడా. నా చేతుల్లో లేదు."

దావీదు గోడకు ఇంకా ఒదిగిపోయాడు. మేరి వెనక్కి తిరిగి చూడలేదు.

"ఆ బాక్సు ఎవురిది సార్?"

"ఆదోని ఆఫీసువాళ్లు చెప్పరు. చెప్పకూడదు. రూలు."

"సరే. లోపల ఇంకా పార్సెల్లు ఉండాయి గదా? అందరి ముందర తెరిసి సూపీండి."

"డబ్బు కట్టందే తెరవకూడదు. అదీ రూలే."

"బలే ఉండాది సార్! దొంగోనికి ఇన్ని రూల్లు కాపలా ఉంటే, కొనేటోనికి ఒగటైనా లేదా?"

హనుమంతరావు ఇబ్బందిగా కళ్లద్దాలు సవరించుకున్నాడు. "ఎందుకు లేదు? వద్దు అనొచ్చు. వెనక్కి పంపుతాం. పంపినవాడు స్వయంగా సంతకం పెట్టి తీసుకోవాలి."

"తీసుకోకుంటే?"

"మా శాఖవాళ్లే తెరిచి చూస్తారు."

మేరి గుంపు వైపు తిరిగింది.

"ఇన్నారా? ఎవురూ దుడ్డు కట్టద్దండి! అన్నీ వద్దనండి. వాడు రాకుంటే సర్కారు తెరుస్తాది. వస్తే మనమే సూస్తాం."

"నా దాంట్లో నిజంగా రేడియో ఉంటే?" అన్నాడు పార్శిలు కోసం వచ్చిన మాదన్న.

"ఉంటే నీ పెండ్లికి నేనే పాడతాలే, పో!"

బసవన్న గొంతు పెంచాడు. "మొగుణ్ణి కాపాడుకునేకి ఊరినంతా ఆడిస్తాంది ఈయమ్మ!"

"ఔ, కాపాడుకుంటా. నా మొగుడు గదా, నీ మొగుడా?"

ఈసారి అందరూ నవ్వారు. భీమన్న కాలరు వదిలాడు. "సోమారం దాకా సూస్తా మేరీ. ఆపైన మాత్రం ఇడిసేది లేదు."

ఆ సాయంత్రానికి ఒక్క పార్శిలు కూడా ఎవరూ తీసుకోలేదు. గోనెసంచుల నిండా పార్శిళ్లు ఆదోని బస్సెక్కాయి.

సోమవారం పొద్దున ఆదోని పోస్టాఫీసు తలుపులు తీయగానే మేరి, భీమన్న, మాదన్న లోపలికి పోయి బల్ల మీద కూర్చున్నారు. తలొక పోస్టుకార్డు ముందు పెట్టుకుని, రాస్తున్నట్టు వంచిన తల ఎత్తడం లేదు. మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు యెమ్మిగనూరులో దిగుతాడు. ఈలోగా ఎవరూ రాకపోతే దావీదు పని అయిపోయినట్టే.

బయట రిక్షా ఆగింది.

తల చుట్టూ తువ్వాలు చుట్టుకున్న మనిషి నేరుగా కౌంటరుకు వెళ్లాడు. నోరు విప్పకుండా బాక్సు తాళంచెవి చూపించాడు. గుమాస్తా పార్శిళ్లు తెచ్చి పోశాడు. ఆ మనిషి గబగబా సంతకం గీకి, చేతులకు పట్టినన్ని పెట్టెలు ఎత్తుకుని వెనక్కి తిరిగాడు.

వాకిట్లో భీమన్న అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"బరువుండాదేమోనప్పా. హమాలీని, నేను మోస్తా."

పైపెట్టె జారి పడి చినిగింది. వేరుశనగ చెక్క నేలంతా చెల్లాచెదురైంది.

"నాది కాదు!" గొంతు మార్చి గొణిగాడు తువ్వాలు మనిషి. "నేను నౌకరును. సేటు పంపిచ్చినాడు."

మేరి కౌంటరు వైపు తిరిగింది. "నౌకర్లకు ఇస్తారా సార్?"

"ఇవ్వం," అన్నాడు గుమాస్తా. "బాక్సు ఎవరి పేరున ఉందో వాళ్లకే."

"ఏం పేరు సార్?"

"చెప్పకూడదమ్మా. రూలు."

"మీరు సెప్పద్దు సార్. మీ రూలు మీకే ఉండనీండి. నాకు రూల్లేదు."

ఒక్క లాగు లాగింది. తువ్వాలు ఆమె చేతికొచ్చింది. దాన్ని జెండాలా పైకెత్తి, మేరి బజారుకంతా వినపడేలా కేకేసింది.

"ఇనండప్పో! పోస్టు బాక్సు పదిహేడు ఎవురిదో ఇనండి! యెమ్మిగనూరు రేడియో షాపు బసవన్నది!"