టీచరమ్మ వైపు పెడల్

డ్రైవింగ్ స్కూల్లో అందరూ ఆమెను టీచరమ్మ అంటారు, ఓనరుగారు తప్ప. ఆయన ఆమె భర్తకు అన్న. ఆయనకు ఆమె ఎప్పటికీ "అమ్మాయ్". ఆ అమ్మాయే ఇప్పుడు షెడ్డులో బండికీ జాకీకీ మధ్య అడ్డంగా నిలబడి ఉంది.

వారంగా బండి రివర్స్ గేరు వేస్తే గరగరమంటోంది. ఫస్ట్ గేరు పడనని మొండికేస్తోంది. నేర్పేవాళ్ళ వైపు కూడా ఓ క్లచ్, ఓ బ్రేకు ఉంటాయి కదా, ఈవిడ ఆ క్లచ్ మీద కాలు ఆనించి ప్లేటు కాల్చేసిందని ఓనరుగారు తేల్చేశారు. ఆయన తీర్పుకి సాక్షులు అక్కర్లేదు.

"గేర్‌బాక్స్ దించెయ్ మేస్త్రీ. రేపట్నుంచి నువ్వు ఆఫీసులో ఫోను దగ్గర కూర్చో అమ్మాయ్. బండి నీకు అచ్చిరాలేదు."

ఫోను దగ్గరట! ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వణికే కాళ్ళనీ ఏడుపు మొహాలనీ రోడ్డెక్కించి సంపాదించుకున్న సీటది. ఒకరు లెమ్మంటే లేచిపోవడానికి అదేమైనా సినిమా హాలు కుర్చీయా?

"నేను క్లచ్ ముట్టుకోను బావగారూ. బండి ఆగితే ఆగనీ, వాళ్ళ క్లచ్ వాళ్ళే తొక్కాలి. అదే నా పద్ధతి."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది."

"ప్లేటు కాలితే ఇంజను అరుస్తుంది, బండి లాగదు. ఇదేమో క్లచ్ పూర్తిగా తొక్కినా ముందుకు పాకుతోంది. ఇంజను ఆపితే గేర్లన్నీ కిక్కురుమనకుండా పడుతున్నాయి. అంటే ప్లేటు కాలలేదు, విడవడం లేదు. ఎందుకో చూడకుండా గేర్‌బాక్స్ దించుతానంటే, ముందు నన్ను తొక్కి వెళ్ళండి!"

"ఆవిడ చెప్పేదీ నిజమే సార్," అని గొణుగుతూ మేస్త్రీ బానెట్ ఎత్తాడు. క్లచ్ ఆయిలు నిండుగానే ఉంది. పైపు ఎక్కడా కారడం లేదు.

ఆమె డ్రైవరు తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని క్లచ్ పెడల్‌ను చేత్తో నొక్కింది. అది కిందిదాకా వెళ్ళకుండా సగంలో ఆగింది. మళ్ళీ నొక్కింది. ఆగిన ప్రతిసారీ పక్క సీటు వైపు నుంచి 'టప్' మని చప్పుడు. రెండు పెడళ్ళనీ కలిపేది ఒకే కడ్డీ. అది ఆగితే ఇదీ ఆగాల్సిందే.

ఆమె గబగబా అటువైపు వెళ్ళి టార్చి వేసింది. టీచరు క్లచ్ వెనకాల పాత టైరు ముక్క, తీగతో గట్టిగా కట్టి ఉంది.

"ఇదెవరు పెట్టారు?"

మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. ఓనరుగారు షెడ్డు కప్పు వైపు చూశారు.

"నేనే... నువ్వు తొక్కకుండా ఉంటావని... పోయిన ఆదివారం..."

టీచరమ్మకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. నవ్వును మింగేసింది.

"వారమంతా ఇది నా కాళ్ళ ముందే ఉంది. నాకు తెలియనే లేదు. ఒక్కసారి ఆ పెడల్ తొక్కినా సోమవారమే దొరికిపోయేవారు బావగారూ! నేను క్లచ్ ముట్టనని ఇంతకన్నా ఎవరు చెప్పాలి మీకు?"

ఆమె తీగ కత్తిరించి టైరు ముక్కను ఆయన చేతిలో పెట్టింది. బండెక్కి ఇంజను వేసి క్లచ్ తొక్కింది. రివర్స్ గేరు చప్పుడు లేకుండా పడింది.

ఆఫీసులో ఫోను మోగింది. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఫోను మోగుతోంది బావగారూ. వెళ్ళి ఎత్తండి."