మూత తీసిన సీసా

మామిళ్ల చెరువు ఆ ఎండాకాలం నిలువెత్తు దిగిపోయింది. నీళ్లు ఎవరు తాగారన్నదే తగువు. కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ల వాళ్లు కట్ట కింది బావిని వేలెత్తి చూపించారు. శంషాబాద్ చుట్టుపక్కల ఏ నింద బయలుదేరినా ముందు రైతు ఇంటికే వస్తుంది, దానికి ఆ దారి బాగా అలవాటు.

కట్ట కింద మిగిలిన బావి ఒక్కటే, యేసురత్నంది. దాని కింద అర ఎకరం పాలకూర, కొత్తిమీర. తెల్లారకముందే కోసి, మోపెడ్ మీద ఆరాంఘర్ చౌరస్తాకు తీసుకెళ్లి అమ్ముకొస్తాడు. బావి పోతే ఆ ముసలి దంపతులకు ఇంకో ఆధారం లేదు.

నిజం తేల్చడానికి నీటి పరిశోధన సంస్థ నుంచి సునీల వచ్చింది. నీళ్లలో తేలిక అణువులూ ఉంటాయి, బరువువీ ఉంటాయి. ఎండ ముందుగా తేలికవాటినే ఎత్తుకుపోతుంది. అందుకే ఎండకు కాగిన చెరువు నీరు బరువెక్కుతుంది, నేలలో ఇంకిన వాన నీరు తేలిగ్గా ఉండిపోతుంది. బావి నీళ్లు బరువని తేలితే చెరువును తాగినట్టు, తేలికైతే ఏ పాపం ఎరగనట్టు.

చెరువు నీళ్లు తనే పట్టుకునేది. బావి నీళ్ల కోసం చిన్న సీసాలు యేసురత్నం భార్య అమృతమ్మకు ఇచ్చి, "పదిహేను రోజులకోటి నింపు అమ్మా, మూత గట్టిగ పెట్టు" అని చెప్పింది. ఎందుకో చెప్పలేదు. నింపిన సీసాలు తీసుకునేటప్పుడు మెడ దగ్గర వేలెడు వెలితి కనిపించినా, నిండా పట్టలేదులే అనుకుని ఊరుకుంది.

నాలుగు నెలల సీసాల్లోని నీళ్లూ బరువనే తేలాయి. సునీల సంతకంతో నివేదిక పైకి పోయింది. వారం తిరిగేసరికి బావి మోటారుకు కరెంటు తీసేశారు.

అమృతమ్మ దగ్గర మిగిలిన చివరి సీసా కోసం సునీల వచ్చేటప్పటికి పాలకూర మడులు పసుపుబారి ఉన్నాయి. గడపలో కూర్చున్న యేసురత్నం ఆమెను చూసి ముఖం తిప్పుకున్నాడు. లోపల గూట్లో బైబిలు, దాని ముందు బావి నీళ్ల సీసా. దానికి మూత లేదు. పైన ఫ్యాను తిరుగుతోంది.

"ఇది ఎప్పటిదమ్మా?"

"పోయినసారి నువ్వు పోయినంక నింపిన బిడ్డా. పొద్దుమాపు ప్రార్థన చేస్తున్న. నువ్వొచ్చే దినం మూత పెడ్త."

"అన్నిటికీ గిట్లనే చేసినవా?"

"మరి? మూత ఉంటే ప్రార్థన లోపలికెట్ల పోతది? మా బావి దొంగది కాదని ఆ నీళ్లే చెప్పాలె ప్రభువా అని అడిగిన."

నెత్తి మీంచి విమానం ఒకటి దిగిపోతుంటే సునీల సీసా ఎత్తి మెడ దగ్గరి వెలితి చూసింది. పదిహేను రోజుల ఫ్యాను గాలి ఆ చిన్న సీసాలో, ఎండ చెరువులో చేసిన పనే చేసింది. కింద కూర్చుని అంతా విడమరిచి చెప్పింది.

అమృతమ్మ సీసాను చేతిలోకి తీసుకుంది. "అంటే నా ప్రార్థనే మా బావిని పట్టిచ్చిందా?"

"ప్రార్థన కాదమ్మా, గాలి. మూత ఎందుకు పెట్టాల్నో నేను చెప్పలే. వెలితి చూసి కూడా అడగలే."

యేసురత్నం లేచి బొక్కెనతో నీళ్లు తోడాడు. బొక్కెనలో సీసాను ముంచి, నీళ్లలోనే మూత బిగించే పద్ధతి సునీల అమృతమ్మకు నేర్పింది. పన్నెండు రోజులకు ఫలితం వచ్చింది. బావిలోది వాన నీరే. చెరువును తాగింది ఎండ.

ఫలితం వినడానికి అపార్ట్‌మెంట్ల కమ్యూనిటీ హాల్లో అందరూ కూర్చున్నారు. 'అదనపు పరిశీలనలో తేలింది' అని సరిపెట్టమని పై అధికారి సలహా ఇచ్చాడు. సునీల సరిపెట్టలేదు. "మొదటి నివేదిక తప్పు. ఆ తప్పు నాది" అంది. అమృతమ్మ పేరు ఎత్తలేదు.

అపార్ట్‌మెంట్ల పెద్దమనిషి లేచాడు. "నాలుగు నెలలు తప్పు చేసిన చెయ్యే కదండీ ఇప్పుడూ నీళ్లు పట్టింది. ఎలా నమ్మమంటారు?"

వెనక వరసలో అమృతమ్మ లేచి నిలబడింది. యేసురత్నం కొంగు పట్టి లాగినా కూర్చోలేదు.

"ఆమె చెయ్యి కాదు సారు. మూత తీసింది నేను. దేవునికి కనపడాలని తీసిన."

ఎవరూ నవ్వలేదు. ఆమె నడిచి వచ్చి, సంచిలోంచి సీసా తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. అంచుదాకా నీళ్లు, బిగించిన మూత.

"పొద్దుగాల నింపిన. మీకు నమ్మకమున్న కాడ చూపిచ్చుకోర్రి. దీని మీద గూడ ప్రార్థన చేసిన. మూత తియ్యలే."