షవర్ గోడకు ఆదివారం గడువు

మా మామగారు నలభై ఏళ్లు టైల్స్ పని చేసిన మేస్త్రి. మా మేడ మీది బాత్‌రూమ్‌లో టైల్స్ అంటించింది కూడా ఆయనే. షవర్ నీళ్లు తమ వంటగది కప్పులోంచి కారుతున్నాయని కిందింటావిడ వచ్చి చెప్పగానే, మా ఆయన ఆ టైల్స్ అన్నీ పగలగొట్టించి కొత్తవి వేయిద్దామన్నాడు. ఆ పూట మామగారు సరిగ్గా అన్నం తినలేదు. టైల్స్ నిక్షేపంగా ఉన్నాయని, మధ్య సందుల్లో నింపిన గ్రౌట్ సిమెంటు మాత్రమే రాలిపోయిందని ఆయన వాదన. కానీ మోకాళ్లు మొరాయించి మూడేళ్లయింది, వంగి పని చేయలేరు. ఆ ముఖం చూడలేకపోయాను. ఆదివారం దాకా గడువివ్వమని, పని నేనే చేస్తానని అనేశాను. నోటి తొందర నాకు పుట్టుకతో వచ్చింది.

మా ఆయన నవ్వాడు. ఆ నవ్వుకి ఒళ్లు మండి, సోమవారం పొద్దున్నే నడుం బిగించాను. మామగారు బాత్‌రూమ్ గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పాత గ్రౌట్ గీకడానికే రెండు రోజులు పట్టింది. నా భుజాలు పట్టేశాయి. ఇంకా గీకు అనడమే తప్ప ఆయన నోట మెచ్చుకోలు లేదు.

బుధవారం కొత్త గ్రౌట్ కలిపి, రబ్బరు పలకతో నొక్కుతూ సందులన్నీ నింపాను. పావుగంట ఆగి, టైల్స్ మీద అంటిందంతా తడి స్పాంజితో తుడిచెయ్యాలి. ముందే తుడిస్తే ఏమవుతుందో, ఆలస్యమైతే ఏమవుతుందో ఆయన చెప్పడం మొదలుపెట్టారు. వెనకటికి ఒక కుర్ర మేస్త్రి కబుర్లలో పడి తుడవడం మరిచిపోయి, ఇంటివాళ్ల చేత ఎలా చీవాట్లు తిన్నాడో కూడా చెప్పారు. కథ మంచి రసపట్టులో ఉంది. నేను స్పాంజి చేత్తో పట్టుకుని నోరు తెరుచుకుని విన్నాను. కథ ముగిసేసరికి ముప్పావుగంటయింది. గోడంతా తెల్లగా ఎండిపోయింది.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"ఆ కుర్ర మేస్త్రి నేనేనమ్మాయ్," అన్నారాయన మెల్లగా.

నవ్వలేక చచ్చాను. యాసిడ్ పోస్తే కొత్త గ్రౌట్ కూడా పోతుందన్నారు. చేసేదేముంది, గరుకు గుడ్డ తడిపి ఒక్కో టైల్ రుద్దాను. కుర్చీలోంచి చెయ్యి అందినంత మేర ఆయనా రుద్దారు. పని అయ్యేదాకా మాట్లాడకూడదని ఒప్పందం చేసుకున్నాం. ఆయన దాన్ని అర నిమిషం పాటించారు.

మర్నాడు మూలల్లో సిలికాన్ జిగురు పట్టించాను. శుక్రవారం నీరు ఇంకకుండా సందులన్నిటికీ సీలర్ పూశాను. ఆ వారమంతా మా ఆయన డాబా మీద బకెట్ నీళ్లతో స్నానం చేసి, సణుక్కుంటూ ఆఫీసుకు వెళ్లాడు.

ఆదివారం మామగారు కర్ర పట్టుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ కిందింటికి దిగారు. మా ఆయన ఆయన వెనకే వెళ్లాడు. నేను షవర్ తిప్పి అరగంట వదిలేశాను. తర్వాత కిందికి పరుగెత్తాను. మామగారు మెడ ఎత్తి కప్పు వైపే చూస్తున్నారు. మా ఆయన స్టూలెక్కి, కప్పంతా అరచేత్తో తడిమాడు.

"పొడిగానే ఉంది నాన్నా. పగలగొట్టే మాట ఇక ఎత్తను."

మామగారు పెద్దగా ఊపిరి వదిలారు. తమ బాత్‌రూమ్‌కి కూడా ఆ మేస్త్రినే పిలుస్తానని, ఎవరో చెప్పమని కిందింటావిడ అడిగింది. నేను మామగారిని చూపించబోయాను. ఈలోగా ఆయన నా చెయ్యి పట్టుకుని ముందుకు లాగారు.

"మేస్త్రి ఈ అమ్మాయే," అన్నారు.

నలభై ఏళ్లలో ఆయన తనను తప్ప ఇంకెవర్నీ మేస్త్రి అనలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, వచ్చే వారం ఖాళీగానే ఉన్నానని ఆవిడకు చెప్పేశాను.