గడప లోపలి మెయిన్ స్విచ్చి

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. ఆ ఇంటికి కరెంటు పెట్టించి చూడమని ఎవరూ అనలేదు. అందుకేనేమో, గోడల రంగు కోసం నాలుగు అంగళ్ళు తిరిగే మనం మెయిన్ స్విచ్చి దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒక మూల కొట్టెయ్యమంటాం.

అలిపిరి దారిలో కొత్తగా ఇల్లు కట్టుకున్న సంపత్కుమార్ దేవస్థానంలో గుమాస్తా. ఇంట్లో తల్లి రమామణి, భార్య పద్మాక్షి. వైరింగు చేసే ఏకాంబరం మొదటే అడిగాడు.

"మెయిన్ను వరండాలో పెడదాం సామీ. అవసరానికి అందరి చేతికీ అందాల. షాకు కొడితే దానంతటదే పడిపోయే స్విచ్చి మద్రాసులో దొరకతా ఉండాది, తెప్పించేదా?"

"ఇప్పుడవన్నీ ఎందుకప్పా? వరండాలో ఆ ఇనప పెట్టెలు చూసేదానికి బాగుండవు" అన్నాడు సంపత్కుమార్.

రమామణి తేల్చేసింది. "కరెంటంటే అగ్నే గదా. ఆగ్నేయంలో, వంటింట్లో పెట్టు నాయనా."

ఆ వంటింట్లోనే పెరుమాళ్ళ పీఠం. మడి లేనివాళ్ళు దాని గడప తొక్కకూడదు. నెలనెలా బయట కూర్చునే రోజుల్లో కోడలికి ఆ స్విచ్చి అందదని ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. పద్మాక్షికి తట్టినా అడిగేవాళ్ళు లేరు.

ఒక ఉదయం ఆమె అలా పెరటి వసారాలో చాప మీద కూర్చుని ఉంది. సంపత్కుమార్ బావి దగ్గర స్నానం చేసి, తడి పంచెతోనే మోటారు స్విచ్చి పెట్టె మీద చెయ్యి వేశాడు. చెయ్యి అతుక్కుపోయింది. నోరు తెరిచాడు గాని మాట రాలేదు.

పద్మాక్షి వంటింటికి పరుగెత్తింది.

"ఆగు! గడప తొక్కొద్దు! నైవేద్యం పొయ్యి మీద ఉండాది!" అని లోపలి నుంచి అరిచింది రమామణి.

కాళ్ళు ఆగిపోయాయి. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ కేకకు ఆగుతూ వచ్చిన కాళ్ళవి.

"అత్తా, ఆయన్ను కరెంటు పట్టుకునింది! మెయిన్ తీసెయ్యండి!"

"మెయినా? ఏది పద్మా, ఏది?"

మెయిన్ పెట్టెకు మూల నిర్ణయించిన మనిషికి అందులో ఏముందో తెలియదు. ఒక స్విచ్చి నొక్కింది, దీపం ఆరింది. ఇంకొకటి నొక్కింది, ఫ్యాను ఆగింది.

"పైన! ఆ పెద్ద పిడి!"

ఇక ఆగలేక పద్మాక్షి లోపలికి దూకి పిడి కిందికి లాగేసింది. పెరట్లో మనిషి పడిన చప్పుడు వినిపించింది. వెళ్ళి ఎంత కుదిపినా, ఎంత పిలిచినా సంపత్కుమార్ పలకలేదు. అయ్యో, గడప దగ్గర పోయిన ఆ కాస్తసేపే అతని ఆయుష్షు!

కర్మకు వచ్చిన చుట్టం జ్ఞానాంబ ఊరికే ఉండలేదు. "బయటుండే ఆడది పెరుమాళ్ళ ముందర అడుగు పెడితే ఇంకేమవుతాది?" అని పక్కావిడతో గొణిగింది. మూల కూర్చున్న పద్మాక్షి ఇంకా తల వంచుకుంది.

రమామణి లేచి వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది.

"అడుగు పెట్టినందుకు కాదు జ్ఞానాంబా. నేను పెట్టనియ్యనందుకు పోయినాడు నా బిడ్డ." ఆమె చుట్టాల వైపు తిరిగింది. "ఏకాంబరాన్ని పిలిపించండి. ఆ పెట్టె వరండాలోకి రావాల. ప్రాణం కాపాడే స్విచ్చికి మడి లేదు, మైల లేదు. ఇంట్లో ఎవరి చేతికైనా, ఏ రోజైనా అందాల."